మనసు ఎలా నేర్చుకుంటుంది? – ఒక కోర్సు, ముగ్గురు విద్యార్థులు



నేను కామర్సు పట్టభద్రుణ్ణి. ఒక జాతీయ బ్యాంకులో ముప్పై ఆరేళ్లు పనిచేశాను. గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యాను. ఆఫీసరు ప్రమోషన్ పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాను. చదవక తప్పలేదు. ఒక్కో పుస్తకం ఎర్ర సిరాతో గీతలు గీసుకుంటూ నాలుగైదుసార్లు చదివాను. చివరకు "నా బుర్ర ఇంతే" అని సరిపెట్టుకున్నాను. ఆ మాట పొరపాటని నా అరవై నాలుగో ఏట తెలిసింది. మీకు అంత ఆలస్యం కాకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

కోర్సులో చేరిన విధం

2017లో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' అనే ఇంటర్నెట్ విద్యావేదికను ప్రారంభించింది. ఇంట్లో కూర్చుని పెద్ద పెద్ద విద్యాసంస్థల అధ్యాపకుల పాఠాలు వినవచ్చు. అందులో కాగ్నిటివ్ సైన్స్ ప్రాథమిక పాఠాల కోర్సులో మేం ముగ్గురం చేరాం. బీకాం రెండో సంవత్సరం అమ్మాయి, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం అబ్బాయి, నేను. ముగ్గురిదీ హోసూరే. చేరడానికి డబ్బు కట్టనక్కరలేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం రుసుము కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75.

ఆదివారం ఉదయం మా ఇంటి వసారాలో కూర్చుని ఆ వారం పాఠం గురించి మాట్లాడుకునేవాళ్లం. అమ్మాయికి మొదట భయం. "సైన్సు నాకెందుకు తాతా, నేను కామర్సు కదా" అంది. అబ్బాయికి భయమే లేదు. వీడియోలు వేగం పెంచి చూసేసి, "అంతా అర్థమైంది" అనేవాడు. అతనికి కాలేజీలో ఒక పేపరు బకాయి ఉంది. అది తీరకపోతే మన ట్రస్టు ఉపకారవేతనం మరుసటి ఏడాదికి కొనసాగదు. తండ్రి లారీ డ్రైవరు. ఆ డబ్బు ఆగితే చదువే ఆగే పరిస్థితి.

ఏమిటీ శాస్త్రం?

మనసు సమాచారాన్ని ఎలా అందుకుంటుంది, ఎలా దాచుకుంటుంది, అవసరమైనప్పుడు ఎలా బయటికి తీస్తుంది, నిర్ణయాలు ఎలా చేస్తుంది – ఇవీ ఈ శాస్త్రంలోని ప్రశ్నలు. మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం, నాడీశాస్త్రం, తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం ఇందులో కలుస్తాయి. అమెరికాలోని ఎంఐటీలో 1956 సెప్టెంబరు 11న జరిగిన సమావేశాన్ని దీని పుట్టినరోజుగా జార్జ్ మిల్లర్ అనే శాస్త్రవేత్త చెప్పుకున్నాడు. అక్కడ పరిశోధన వినిపించినవారిలో హెర్బర్ట్ సైమన్ ఒకడు. ఆ పేరు వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. మేనేజిమెంటు పుస్తకంలో మేం చదువుకున్న సైమనే! 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాడు. "చూశావా, మన కామర్సువాళ్లు ఇక్కడా ఉన్నారు" అన్నాను. అమ్మాయి భయం సగం తీరింది.

మొదటి పాఠం: చిన్న బల్ల, పెద్ద బీరువా

అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునే జ్ఞాపకం చిన్న బల్ల లాంటిది. ఏళ్ల తరబడి నిలిచే జ్ఞాపకం పెద్ద బీరువా. బల్ల మీద సుమారు ఏడు విషయాలు పడతాయని మిల్లర్ 1956లో రాశాడు. నాలుగే అని తరువాతి పరిశోధకులు కొందరు తేల్చారు.

ఇది నాకు అనుభవమే. పాత లెడ్జర్ల రోజుల్లో ఖాతా నంబరు నాలుగంకెలు. కౌంటరు నుంచి లెడ్జరు దగ్గరికి నడిచేలోపు మనసులో నిలిచేది. కోర్ బ్యాంకింగ్ వచ్చాక పొడవాటి నంబర్లు వచ్చాయి. వాటిని మూడేసి, నాలుగేసి అంకెల ముక్కలు చేసుకుంటే తప్ప నిలిచేవి కావు.

అమెరికాలో ఒక కాలేజీ విద్యార్థి మీద చేసిన పరిశోధన 1980లో అచ్చయింది. 230 గంటలకు పైగా సాధన చేసి, అతను ఏడంకెల నుంచి 79 అంకెలు విని తిరిగి చెప్పే స్థాయికి చేరాడు. అతను పరుగుపందేల మనిషి. అంకెలను పందెం పూర్తిచేసిన సమయాలుగా మార్చుకునేవాడు. అయితే అంకెలకు బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. అంటే బల్ల పెద్దది కాలేదు. తనకు తెలిసినదానితో కొత్తదాన్ని కలిపి కట్టగట్టడం నేర్చుకున్నాడు, అంతే.

రెండో పాఠం: చూడటం వేరు, గుర్తుండటం వేరు

అబ్బాయి మొదటి రెండు అసైన్‌మెంట్లలో తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. "అంతా తెలిసినట్టే ఉంది తాతా, రాయబోతే రావడం లేదు" అన్నాడు. నా ప్రమోషన్ పరీక్ష గుర్తొచ్చింది.

అప్పుడు అమ్మాయి నన్నొక ప్రశ్న వేసింది. రూపాయి నోటు వెనుక పదిహేను భాషల పట్టీ ఉంటుంది కదా, అందులో తెలుగు ఎన్నోది? ముప్పై ఆరేళ్లు నోట్లు లెక్కపెట్టిన చేతులివి. జవాబు చెప్పలేకపోయాను. జేబులోంచి నోటు తీసి చూస్తే పద్నాలుగోది, ఉర్దూకి పైన. అమెరికాలో 1979లో ఇలాంటి పరిశోధనే జరిగింది. రోజూ వాడే పెన్నీ నాణెం మీద ఏది ఎక్కడుందో చాలామంది సరిగా గీయలేకపోయారు. లక్షసార్లు కళ్లబడినంత మాత్రాన బీరువాలోకి చేరదన్నమాట.

మరి ఎలా చేరుతుంది? రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో జవాబిచ్చారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మిగిలిన మూడు విడతలు పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తారుమారైంది. చదివినవారికి 40 శాతం, రాసినవారికి 61 శాతం. పరీక్ష ముందురోజు రాత్రి చదువు ఎందుకు మోసం చేస్తుందో ఈ అంకెల్లో ఉంది. నా ఎర్ర సిరా గీతలు నన్ను మోసం చేసింది కూడా ఇలాగే.

మూడో పాఠం: తడబాటు

1935లో స్ట్రూప్ అనే ఆయన చూపిన చిన్న పరీక్ష ఉంది. 'ఎరుపు' అన్న మాటను పచ్చ సిరాతో రాసి, సిరా రంగు చెప్పమంటారు. చదవడం మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది కనుక నాలుక తడబడుతుంది.

మేం తమిళంలోనూ తెలుగులోనూ అట్టలు రాసుకున్నాం. తమిళంలో ఇద్దరం తడబడ్డాం. తెలుగులో నేను తడబడ్డాను, అమ్మాయి గడగడా చెప్పేసింది. "నేనే గెలిచాను తాతా!" అని నవ్వింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదివింది తమిళ మాధ్యమం. తెలుగు అక్షరాలు రావు కనుక తడబాటు లేదు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తరువాతి ఆదివారం ఆమె పలక కొనుక్కుని వచ్చింది.

ఫలితాలు

అమ్మాయి, నేను పరీక్షలో నెగ్గాం. అబ్బాయి నెగ్గలేదు. కానీ కాలేజీలో బకాయి పేపరుకు పుస్తకం మూసి రాసే పద్ధతిలో చదివాడు. అది తీరింది, ఉపకారవేతనం నిలిచింది. ఒక్కరి అనుభవం రుజువు కాదని ఆ కోర్సే నేర్పింది కనుక గొప్పలు పోను. మీరే చేసి చూడండి:

1. పాఠం ఒకసారి శ్రద్ధగా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. ఆ తరువాతే తెరిచి సరిచూసుకోండి.
2. అదే పాఠాన్ని మరునాడు, మళ్లీ వారానికి ఇలాగే రాయండి. ఒకే రాత్రి నాలుగుసార్లు చదవడం కన్నా ఇది మేలు.
3. కొత్త విషయాన్ని మీకు బాగా తెలిసినదానితో ముడిపెట్టండి.
4. "అంతా తెలిసినట్టే ఉంది" అనిపించినప్పుడు ఆ మాట నమ్మకండి. ఎవరికైనా చెప్పి చూడండి.

"నా బుర్ర ఇంతే" అని మాత్రం ఎన్నడూ అనుకోకండి. మార్చవలసింది బుర్రను కాదు, చదివే పద్ధతిని.

మొన్న ఆదివారం ఆ పాత అట్టలు మళ్లీ తీశాం. తెలుగులో 'నీలం' దగ్గర అమ్మాయి ఒక్క క్షణం తడబడింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మీ అందరికీ శుభాశీస్సులు.