బోర్డు మీద ఊరి పేరు రాయించు బిడ్డా

నర్సంపేట,
రోహిణి కార్తె

బిడ్డా,

నువ్వు ఫోన్ల పంపిన ఫ్లెక్సు డిజైన్ చూసిన. బొమ్మను ఏళ్లతోని పెద్దగ చేసుకుంట, అద్దాలు పెట్టి, మళ్ల తీసి, మూలమూలకు ఎతికిన. నీ ఫొటో ఉంది. ఎవరో నాయకుని ఫొటో ఉంది. ట్రాక్టర్ ఉంది. మన దిక్కు ఎన్నడు కనపడని తెల్లతోలు రైతు ఒకాయన గోధుమ చేన్ల నవ్వుకుంట నిలబడ్డడు. కొత్తగూడ అన్న మాట మాత్రం యాడ లేదు.

మీ అవ్వకు ఫోన్ చేసి అడిగితే "ఊరోళ్లకు ఊరి పేరు తెల్వదా బావా" అని నవ్వింది. నువ్వు కూడ గట్లనే అన్నవట. అందుకే ఉత్తరం రాస్తున్న. ఫోన్ల చెప్తే "సరే పెద్దబాపు" అని పెట్టేస్తవ్. కాయితమైతే మీ అవ్వకు చదివి వినిపియ్యకతప్పదు.

ముందుగాల సంతోషం సంగతి. అగ్రికల్చర్ చదివినదానివి, పట్నంల కంపెనీ నౌకరి వద్దనుకొని మన ఊర్ల విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం పెడుతున్నవ్. లైసెన్సులు నీ పేరు మీదనే వచ్చినయి. మీ బాపు ఉంటే ఆ కాయితాలు పట్టుకొని బస్టాండు కాడ అందరికి చూపిస్తుండె. ఇగ ఆ మాట పెంచ.

ఊరి పేరు ఎందుకంటవా? మన ఊరి పేరుకు ఇంకో రెండు ఊర్ల నీడ పడ్డది. ఒకటి బొగ్గుబాయిల కొత్తగూడెం, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇంకోటి హైదరాబాద్ల కొండాపూర్ పక్కపొంటి ఉన్న కొత్తగూడ చౌరస్తా. నువ్వు కొత్తగూడ అంటే పట్నపోడు ఐటీ ఆఫీసులను తలుసుకుంటడు. ఖమ్మం దిక్కు మనిషి సింగరేణిని తలుసుకుంటడు. పాకాల అడవి అవతల మనం కూడ ఒక కొత్తగూడోళ్లం ఉన్నమని ఎవనికి యాదికొస్తది? నిరుడు మీ అన్న స్ప్రేయర్ పంపుకు సామాను తెప్పించుకుంటే ఏమైందో మర్సినవా? పార్సిల్ సక్కగ కొత్తగూడెం పోయి కూసున్నది. అది తిరిగి మన ఊరు చేరేసరికి మిరప చేన్ల ముడత దున్నినంత దున్నింది. పంపినోన్ని అడిగితే "మీ బిల్లు మీద ఊరి పేరు సగమే ఉందండి" అన్నడు. బిల్లు కూడ బోర్డును చూసే అచ్చు కొట్టిస్తరు బిడ్డా. బోర్డు మీద లేనిది బిల్లు మీద ఉండదు. బిల్లు మీద లేనిది రేపు విత్తనం మొలవకపోతే రైతు చేతుల ఉండదు.

దాని మీద జిల్లా సంగతొకటి. 2016 దసరా నాడు, అక్టోబర్ 11న, పొద్దుగాల వరంగల్ జిల్లాల లేచినోళ్లం రాత్రికి మానుకోట జిల్లాల పండుకున్నం. గంగారం మన నుంచి విడిపోయి వేరే మండలమైంది. మనకు ఎమ్మెల్యే ములుగుల, కలెక్టర్ మానుకోటల, ఐటీడీఏ ఏటూరునాగారంల. ఏ దిక్కు మొహం పెట్టి నిలబడాల్నో తెల్వని ఊరు మనది. ఆ దసరా తర్వాత గూడూరు దిక్కు నాలుగు దుకాణాల రేకు బోర్డులు దిద్దే పని నాకు తగిలింది. "వరంగల్" నాలుగు అక్షరాలు. అది గీకి అదే జాగల "మహబూబాబాద్" పట్టియ్యాలె, ఆరు అక్షరాలు. పైగా ఆ బాలన్నీ పక్కలకు చేతులు చాపుకొనుంటయి. అక్షరాలను పక్కలు నొక్కి, సన్నం చేసి ఎట్లనో ఇరికిస్తుంటే ఒక సేటు వచ్చి "ఇంత తిప్పలెందుకు, మానుకోట అని రాయరాదు, నాలుగే అక్షరాలు గదా" అన్నడు. లెక్క కరెక్టే. జనం పిలిచేది గూడ అదే. కాని లైసెన్సు మీద మహబూబాబాద్ ఉండి, బోర్డు మీద మానుకోట రాస్తే తనిఖీకి వచ్చిన సారు ఊకుంటడా? రాయనన్న. చాయ్ ఇయ్యలే ఆ పూట.

నేను పని నేర్చుకున్నది హన్మకొండల. మా ఉస్తాద్ చేతి రాత తెలుగుల, ఉర్దూల, ఇంగ్లిష్ల ఒక్కతీరుగ ఉంటుండె. రేకు మీద అస్తరు రంగు ఆరినంక సుద్ద పూసిన దారం కొట్టి గీతలు తీస్తం గదా, ఆయన ముందుగాల కింది వరుస గీయిస్తుండె. ఊరు, తాలూకా. అప్పటికి మండలాలు లేవు, అవి 1985ల వచ్చినయి. దుకాణం పేరు పైన ఉండేది, అది ముందు రాయాలె గదా అని నేనంటే "పేరు రాసినంక జాగ మిగిలితే ఊరు రాస్తవ్, మిగలకపోతే ఎగ్గొడ్తవ్, నీ సంగతి నాకెరుకే" అంటుండె. ఆయన కాడ నేర్చుకున్నోడు ఎవడు ఊరి పేరు లేని బోర్డు రాయలే. గానీ గా రోజులల్ల మీ దిక్కు పనికొస్తే సంచిల ఎర్రరంగు డబ్బా పెట్టుకొని పాకాల అడవి దాటాలంటే గుండె దడదడ కొట్టుకుంటుండె. రాత్రిళ్లు గోడల మీద రాసే నక్సలైట్లది ఎరుపే, నా డబ్బాల ఉన్నది ఎరుపే. ఆపి అడిగినోళ్లకు ఏం చెప్పాలె? ఒకసారి గట్లనే ఆపితే, సంచి కింద చుట్టి పెట్టిన రేకు తీసి చూపించిన, దాని మీద కిరాణ దుకాణం పేరు, కింద కొత్తగూడ. "ఓ, ఊర్లకే పోతున్నవా" అని ఇడిసిపెట్టిండ్రు. ఊరి పేరు నాకు గట్ల కూడ అక్కరకొచ్చింది.

నువ్వు ఊరోళ్ల గురించే ఆలోచిస్తున్నవ్. బోర్డు ఊరోళ్ల కోసం కాదమ్మా. వాళ్లు నిన్ను "ఫలానాయన బిడ్డ దుకాణం" అనుకుంటనే వస్తరు, బోర్డు వంక చూడనే చూడరు. మేడారం జాతర ముంగట పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును తీస్కపోయేటప్పుడు ఎక్కడెక్కడి జనం మన దిక్కు తిరుగుతరో నీకు తెలుసు. రాత్రి పూట బండి బోల్తపడితే 108కు ఫోన్ చేసేటోడు పరాయి మనిషే అయితడు. "ఏ ఊరు?" అని అవతల అడిగితే వాడు తల ఎత్తి చూసేది దుకాణం బోర్డునే. కొత్తగూడ, మహబూబాబాద్ జిల్లా అని కనపడితే చదివి చెప్తడు. నీ ఫొటో కనపడితే ఏం చెప్తడు? "ఒక పోరి నవ్వుతున్నది సార్" అంటడా?

కోపం తెచ్చుకోకు. ఫొటో బాగనే ఉంది. మీ నాయినమ్మ నవ్వే అది.

ఇగ తక్కినయి జల్ది చెప్త. మన రాష్ట్రంల దుకాణాల చట్టం ప్రకారం బోర్డు తెలుగుల ఉండాలె, వేరే భాష పెట్టుకుంటే తెలుగు కింద పెట్టుకోవాలె. నీ డిజైన్ల ఇంగ్లిష్ పైకెక్కి కూసున్నది, దించు. ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే జీఎస్టీ తీసుకోకతప్పదు. తీసుకున్నంక ఆ పదిహేను అక్షరాల నంబరు దర్వాజ కాడి బోర్డు మీద ఉండాలె, సర్టిఫికెట్ లోపల అందరికి కనపడే తీరుగ ఉండాలె. కాంపోజిషన్ స్కీముల చేరితే ఆ ముక్క కూడ బోర్డు మీద రాయాలె. ఇప్పటినుంచే దానికి ఒక వరుస ఖాళీ ఉంచు.

ఎరువుల ధరలు, స్టాకు మాత్రం పెద్ద బోర్డు మీదికి ఎక్కియ్యకు. ఎరువులకు 1985 ఆర్డర్, విత్తనాలకు 1983 ఆర్డర్ ఉన్నయని నాకంటె నీకే ఎక్కువ తెలుసు, అవి దినాం రాసి పెట్టాల్సిన లెక్కలు. దానికి లోపల నల్లబోర్డు కొట్టించు. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు అని సుద్దముక్కతోని నీ చేత్తోనే రాయి. స్టాకు లేని రోజు "లేదు" అని రాయి. 2025 వానకాలం యూరియా కోసం చెప్పులు, పాస్‌బుక్కులు లైన్ల పెట్టి నిలబడ్డ జనాన్ని మన జిల్లాల కండ్లార చూసినం. లేదని పొద్దుగాలనే తెలిస్తే ముసలోళ్లు అయిదారు కిలోమీటర్లు నడిచిరారు గదా.

"మేలైన విత్తనాలు", "గ్యారంటీ మందులు" అని డిజైన్ల రెండు తావుల ఉంది. రెండూ కొట్టెయ్. 1997-98ల మన వరంగల్ జిల్లాల పత్తి ఆగమై, పురుగు సావక, ఆ మందు డబ్బాలే తాగి రైతులు పోయినప్పుడు నువ్వు పుట్టలే. ఆ ఏడు మందుల దుకాణాల గోడల మీద ఆ మాటలే ఉండె. అప్పటినుంచి మందుల బోర్డు మీద ఎవరు రాయమన్నా గ్యారంటీ అన్న మాట రాయలే. పైసలు ఎక్కువిస్తమన్నోళ్లు కూడ ఉన్నరు. నీకు తెలిసిన మందు చెప్పు, తెల్వకపోతే మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం సార్లను అడిగి చెప్పు. బోర్డు మీద ఒట్టు పెట్టుకోవద్దు. ఆ జాగల కిసాన్ కాల్ సెంటర్ నంబరు రాయించు, 1800-180-1551, పైసలు పడవు. నీ దుకాణం మూసి ఉన్నప్పుడు కూడ అది రైతుకు పనికొస్తది.

కంపెనీ ఏజెంటు బోర్డు ఫుకట్‌కు ఇస్తనన్నడని మీ అన్న చెప్పిండు. ఇస్తడు, ఎందుకియ్యడు! వాని కంపెనీ పేరు ఇంతెత్తు, నీ పేరు మూలకు ఒక గీత. యూరియా బస్తా మీదనే 2022 అక్టోబర్ నుంచి కంపెనీ పేరు మూడోవంతు జాగకు పోయింది, "భారత్" అన్నదే పెద్దగుంటది. కిరాయి నువ్వు కట్టే మడిగె మీద వాని పేరు నువ్వెందుకు మోస్తవ్? నాయకుని ఫొటో సంగతి నేను చెప్పేదేముంది, ఎలక్షన్ కోడ్ వస్తే ముసుగేస్తరు, కోడ్ పోయేసరికి ఆయన పార్టీ మారుతడు.

ప్రొప్రయిటర్ అన్న కాడ మీ అన్న పేరు రాయిద్దామన్నరట. మగోని పేరుంటే బాకీలు వసూలైతయని ఎవరో చెప్పిండ్రట. వద్దు. లైసెన్సు ఎవరి పేరు మీదుంటే బోర్డు మీద వాళ్ల పేరే. దాని పక్కన నీ డిగ్రీ కూడ రాయించు, సిగ్గుపడకు. కాని ఫోన్ నంబరు నీ సొంతది ఇయ్యకు. దుకాణానికి వేరే సిమ్ తీసుకో, పొద్దుగూకినంక ఆ ఫోన్ మీ అవ్వ చేతుల పెట్టు. అర్ధరాత్రి పనిలేనోడు ఎవడన్నా ఫోన్ చేస్తే ఆమె జవాబు విని మళ్ల చెయ్యడు.

ఊరి పేరును మూలకు చిన్నగ పెట్టి "పెట్టిన గదా పెద్దబాపు" అనేవు. మాకు లెక్కుంది. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల దూరం దాకా హాయిగ చదవొస్తది. రోడ్డు అవతలి నుంచి మీ షట్టర్ దాకా అరవై అడుగులనుకుంటే ఊరి పేరు ఆరంగుళాలన్నా ఉండాలె. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటయి, వరుసకు వరుసకు నడుమ జాగ ఇడవకపోతే ఒకదాన్నొకటి తన్నుకుంటయి. "కొత్తగూడ"ల త కింద ఒత్తు చూడు, ఇరుకు జాగల పెడితే కింద "మండలం" నెత్తిల గుచ్చుకుంటది. కంప్యూటరాయనకు ఇది పట్టదు. అన్నిటిని సాగదీస్తడు. ఇంకోటి, ఊరి పేరు ఎరుపుల వద్దు, ఎండకు అన్నిటికంటె ముందు ఎలిసేది ఎరుపే. పసుపు మీద నలుపు పెట్టు.

చదువురానోళ్లు మన దిక్కు ఇంకా మస్తుమంది ఉన్నరు, గుంపులల్ల, తండాలల్ల. వాళ్ల కోసం ఒక పత్తికాయ, ఒక మిరపకాయ, వీపుకు తగిలించుకునే పంపు బొమ్మలు ఎడమ దిక్కు గీస్త. బొమ్మలు మూడే, ఎక్కువొద్దు.

గీస్త అన్న గదా, అవును, నేనే వస్త. ఫ్లెక్సాయనకు అడ్వాన్సు ఇచ్చినవా? ఇయ్యకపోతే ఇయ్యకు. ఇస్తే ఆ పైసలకు లోపల ధరల పట్టీ కొట్టించుకో. చెయ్యి వణుకుతదని మీ అవ్వ అంటదేమో. చాయ్ గ్లాసు పట్టుకుంటే వణుకుతది గని బ్రష్ పడితే వణకదు. మృగశిరకు ముందే బోర్డు ఎక్కాలె, విత్తనాలకు జనం అప్పుడే మొదలైతరు. షట్టర్ మీది జాగ ఎంత పొడుగు, ఎంత ఎత్తు టేపుతోని కొలిచి అంగుళాల పంపు, కరెంటు తీగె ఎంత దూరంల ఉందో కూడ రాయి. గేజీ ఉన్న రేకు నర్సంపేటలనే కొనుక్కొస్త, అక్కడ కొనకు. టర్పెంటాయిల్ వాసన పడదని మీ అవ్వ పోయినసారి రెండు రోజులు తలనొప్పన్నది, ఆమెకు వాకిట్ల మంచం ఏయించు. నాకు పప్పుల చింతచిగురు దొరికితే వెయ్యమను, లేకపోతే ఏదైనా సరే.

నీ పెద్దబాపు