ఆకు కత్తిరించు తేనెటీగ - కంది చేనుకు మిత్రము

మీ పెరటిలోని గులాబి ఆకుల అంచున గాని, కంది మొక్క ఆకులయందు గాని, కత్తెరతో తీసినట్లు గుండ్రని కోతలు ఎప్పుడైన చూచితిరా? పురుగు తగిలినదని తలచి వెంటనే మందు పట్టవలదు. అది ఆకు కత్తిరించు తేనెటీగ పని. సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలములోను, కోదాడ, మిర్యాలగూడ చుట్టుప్రక్కలను కంది వేయు రైతులు ఈ ఈగను గుర్తుపట్టుట మేలు.

గుర్తించుట ఎట్లు?

గొంగళిపురుగు, మిడత తిన్న ఆకు అంచు చిందరవందరగా ఉండును. గొంగళి తిన్నచోట రెట్టయు కనబడును. ఈ ఈగ కోసిన కోత నున్నగా, అర్ధచంద్రాకారముగా ఉండును. ఇది ఆకును తినదు. గూడు కట్టుటకు ముక్కలుగా కోసికొనిపోవును. సాధారణముగా కంది మొక్కకు దీనివలన కలుగు నష్టము లెక్కింపదగినది కాదు.

ఈగ నల్లగా, దృఢముగా ఉండును. మామూలు తేనెటీగ పుప్పొడిని వెనుక కాళ్ళపై మోయును. ఇది మాత్రము పొట్ట అడుగుననున్న దట్టమైన నూగుపై మోయును. కావున పువ్వుపై వాలిన ఈగ పొట్ట అడుగు పసుపుపచ్చగా ఉన్నయెడల ఇదియే అని తెలిసికొనవచ్చును. దీనికి పట్టు లేదు, రాణి లేదు, మనము పిండుకొను తేనెయు లేదు. ప్రతి ఆడ ఈగ తన గూటిని తానే కట్టుకొనును. గూటికి కాపలా గుంపు లేనందున మనుష్యులపైకి రాదు. చేతిలో నలిపిననే కుట్టును.

గూడు కట్టు విధము

పుచ్చిన కొయ్యలోని రంధ్రము, వెదురు బొంగు, ఎండిన కాడ, మట్టిగోడ పగులు, నేలలోని బొరియ - ఏదైనను దీనికి చాలును. తాళపు కన్నములోను, వాడుకలో లేని గొట్టములోను గూడు పెట్టుట కలదు. మొదట కోలగా ఉన్న ఆకు ముక్కలను తెచ్చి, ఒకదానిపై ఒకటి అమర్చి చిన్న గిన్నె వంటి గది చేయును. అందులో పుప్పొడిని మకరందముతో కలిపి ముద్దగా ఉంచి, దానిపై ఒకే ఒక గ్రుడ్డు పెట్టును. తరువాత గుండ్రని ముక్కలతో మూత వేయును. ఆ మూతపై మరియొక గది కట్టును. ఇట్లు గదులు వరుసగా పేర్చి, చివరకు రంధ్రపు నోటిని ఆకులతో బిగించును. కొన్ని జాతులు ఆకుకు బదులు మన్నును వాడును.

లోపలి గదులలో ఆడ గ్రుడ్లు, నోటికి దగ్గరగా మగ గ్రుడ్లు ఉండును. మగవి ముందు బయటికి వచ్చును గనుక లోపలి ఆడ ఈగలకు దారి అడ్డము కాదు.

పంటకు ఉపయోగము

కంది పువ్వు మొగ్గగా ఉన్నప్పుడే తన పుప్పొడితో తాను సంపర్కము పొందగలదు. అయినను ఈగ వాలినపుడు దాని బరువునకు అడుగు రేకులు వంగి, కేసరములును కీలాగ్రమును బయటికి వచ్చి ఈగ పొట్టకు తగులును. ఇట్లు ఒక మొక్క పుప్పొడి మరియొక మొక్కకు చేరును. ఈ కారణముననే ధ్రువీకరణ విత్తనము పండించువారు ఇతర కంది చేలకు కనీసము 100 మీటర్ల ఎడము పాటింతురు. సొంత విత్తనము దాచుకొను రైతులు చేను మధ్య నుండి, మేలైన మొక్కల కాయలనే ఏరవలెను.

సంకర కంది విత్తనోత్పత్తికి ఇటువంటి ఈగలే ఆధారము. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ నుండి 1991లో ఐ.సి.పి.హెచ్. 8, 2010లో మధ్యప్రదేశ్‌లో పుష్కల్ అను సంకర రకములు విడుదలైనవి. ఇట్టి రకముల తల్లి వరుసలో పుప్పొడి ఫలవంతము కాదు. ప్రక్క వరుసనుండి ఈగ తెచ్చిన పుప్పొడితోనే గింజ పట్టును. పచ్చిరొట్టకై జనుము విత్తనము పండించువారికిని ఇట్టి బలమైన ఈగలు కావలెను. ఉత్తర అమెరికాలో 1950ల చివరి నుండి లూసర్న్ విత్తనపు రైతులు ఈ కుటుంబపు ఈగలను రంధ్రములు చేసిన చెక్కలలో పెంచుచున్నారు.

రైతులు చేయవలసిన పనులు

1. ఆకులపై గుండ్రని కోతలు మాత్రమే ఉన్నయెడల మందు చల్లవలదు.

2. పూతపై మారుకా మచ్చల పురుగు గాని, శనగపచ్చ పురుగు గాని హెచ్చినప్పుడు వ్యవసాయాధికారి సలహాపై మందు ఎన్నుకొని, సాయంకాలము ఈగలు గూటికి చేరిన పిమ్మట చల్లవలెను. పగలు పూతపై మందు పడిన ఈగ చచ్చును. తల్లి లేని గూడు సగములోనే నిలిచిపోవును.

3. లోపలి వెడల్పు 6 నుండి 10 మిల్లీమీటర్లు గల వెదురు గాని, రెల్లు గాని 15 సెంటీమీటర్ల ముక్కలుగా కోయవలెను. ఒక ప్రక్క కణుపు మూసియుండవలెను. ఇరువది, ముప్పది ముక్కలను కట్టగట్టి, మోటారు గది చూరు క్రింద వాన తగలనిచోట, నోరు తూర్పునకు ఉండునట్లు కదలకుండ కట్టవలెను. చీమలు ఎక్కకుండ కట్టుత్రాటికి గ్రీజు పూయవలెను.

4. నోరు మూసిన గొట్టమును విప్పి చూడవలదు. ఈగలు వెడలి ఖాళీ అయిన గొట్టములలో పరాన్నజీవులు, బూజు చేరును గనుక వాటిని తీసివేసి క్రొత్తవి పెట్టవలెను.

5. గట్లమీది ఎండు కాడలను, పాత దుంగలను అన్నింటిని ఒకేసారి తగులబెట్టవలదు. వాటిలో రాబోవు పూతకు పనిచేయు ఈగలు నిద్రించుచుండవచ్చును.

ఈ పనులకు పెట్టుబడి కొద్దిపాటి వెదురు, కొంత ఓపిక మాత్రమే. ఈ ఏడు కంది పూతకు వచ్చినపుడు, ప్రొద్దెక్కిన తరువాత చేనిలో కొంచెము సేపు నిలిచి చూడుడు. పసుపు పొట్టతో పువ్వునుండి పువ్వునకు పోవు ఈగలు కనబడినచో, ఆ పూట మందు పంపును గదిలోనే ఉంచుడు.