కారులో హామ్ రేడియో: బ్యాటరీకి ఓ కాపలా సర్క్యూట్

హార్స్‌లీ హిల్స్ మనకి చల్లటి టూర్ స్పాట్. హామ్ రేడియో వాళ్లకి మాత్రం అది దేవుడిచ్చిన టవర్! ఊళ్లోవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అనే ఈ కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. కింద మదనపల్లె దాదాపు 700. అంటే తేడా 565 మీటర్లు.

145 మెగాహెర్ట్జ్ సిగ్నల్ దాదాపు చూపు మేరకే వెళ్తుంది. దానికో చిన్న లెక్క ఉంది: ఎత్తు (మీటర్లలో) వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఇక్కడ దాదాపు 98. పుంగనూరు హాయిగా లోపల ఉంటుంది, కుప్పం అంచు దగ్గర. మధ్యలో గుట్టలు అడ్డొస్తే ఇంకా తగ్గుతుంది.

2014లో హుద్‌హుద్ తుఫానుకి విశాఖలో ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున కొండ మీద కారులో ఒక హామ్ ఉంటే చాలా పని జరుగుతుంది. కానీ గంటలకొద్దీ మాట్లాడాక కారు స్టార్ట్ కాకపోతే? సాయం చేయడానికి వెళ్లినవాళ్లకే సాయం కావాలి.

ఎంత ఖర్చవుతుంది?

50 వాట్ల సెట్ వింటున్నప్పుడు సుమారు 0.5 ఆంప్, మాట్లాడేటప్పుడు 10 ఆంప్స్ తీసుకుంటుందనుకుందాం. ఐదో వంతు సమయం మాట్లాడితే సగటు 2.4 ఆంప్స్. నాలుగు గంటలకి 9.6 ఆంపియర్-అవర్స్. చిన్న కారు బ్యాటరీ 35 అయితే, పావు వంతు పైనే పోయినట్టు.

ముందు వైరు

బ్యాటరీ నుంచి సెట్ దాకా 4 మీటర్లు, రానుపోను 8. ఒక చదరపు మి.మీ. రాగి వైరులో 10 ఆంప్స్‌కి దాదాపు 1.4 వోల్ట్‌లు దారిలోనే పోతాయి. 2.5 అయితే 0.55 మాత్రమే. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ తప్పనిసరి.

తర్వాత కాపలా

ఆర్డుయినో నానో, 30 కిలోఓం, 10 కిలోఓం రెసిస్టర్లు చాలు. వోల్టేజ్ నాలుగో వంతు అవుతుంది కాబట్టి 14.4 వోల్ట్‌లు 3.6గా కనిపిస్తాయి. పిన్ భరించే 5 దాటదు. కొలత బ్యాటరీ దగ్గరే తీయాలి. సెట్ దగ్గర తీస్తే వైరు నష్టం కూడా కలిసిపోతుంది. నానో పిన్ రిలేని నేరుగా లాగలేదు. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్, కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ పెట్టండి.

అసలు తెలివి కోడ్‌లో

"12.2 కంటే తగ్గితే ఆపు" అని ఒక్క ఇఫ్ రాస్తే పని చెడుతుంది. లోడ్ తీయగానే బ్యాటరీ కాస్త కోలుకుంటుంది, రిలే మళ్లీ ఆన్ అవుతుంది, మళ్లీ పడుతుంది. టకటకా అదే ఆట. అందుకే రెండు గీతలు గీయాలి: 12.2 కింద వరుసగా 60 సెకన్లు ఉంటే ఆఫ్, 13.2 దాటితేనే ఆన్. 13.2 అంటే ఇంజిన్ తిరుగుతోంది, ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తోందని అర్థం. ఆ 60 సెకన్లు ఎందుకు? మాట్లాడుతున్నప్పుడు వోల్టేజ్ కాసేపు కుంగుతుంది, అది ఖాళీ కావడం కాదు. 45వ సెకనుకి బజర్ మోగిస్తే మాట ముగించే టైమ్ దొరుకుతుంది. సెట్ ఆగినా కారు స్టార్ట్ అయ్యే ఛార్జ్ మిగులుతుంది.

కారులో పెట్టే ముందు టేబుల్ మీద, వోల్టేజ్ మార్చగల సప్లైతో రెండు గీతలూ పరీక్షించండి. ఇంకో మాట: మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ పరీక్ష పాసై లైసెన్స్ తీసుకోవాలి. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. మనకి ఎప్పుడో నిండాయి!