తీగ మారిస్తే పాట మారుతుందా?

ప్రశ్న: సీడీ ప్లేయర్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య 600 రూపాయల ఆర్‌సీఏ కేబుల్ వాడుతున్నాను. షాపులో 18 వేల రూపాయల కేబుల్ వినిపించారు. తేడా ఉన్నట్టే అనిపించింది. కొనమంటారా?

జవాబు: వద్దండీ. సీడీ ప్లేయర్ ఇచ్చే సిగ్నల్ గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఉంటుంది. దాన్ని మీటరు దూరం చేర్చడానికి షీల్డింగ్ బాగున్న మామూలు కేబుల్ చాలు. వినపడే 20 కిలోహెర్ట్జ్ లోపల అది కోసేదేమీ ఉండదు. షాపులో వాల్యూమ్ పిసరంత ఎక్కువున్నా మనకు శబ్దం మెరుగైనట్టే తోస్తుంది. వాల్యూమ్ ముట్టుకోకుండా, మీకు కనబడకుండా, ఇంట్లో ఎవరిచేతైనా కేబుళ్లు మార్పించి వినండి. పదిసార్లలో ఎన్నిసార్లు పోల్చుకోగలరో తేలిపోతుంది.

రికార్డు ప్లేయరైతే లెక్క వేరు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. పైగా కేబుల్ కెపాసిటెన్స్ అక్కడ నిజంగానే వినబడుతుంది. కార్ట్రిడ్జ్ కాగితంలో 100-200 పికోఫారడ్లు అని రాసుంటే, టోన్‌ఆర్మ్ వైరు, కేబుల్, ఫోనో ఇన్‌పుట్ అన్నీ కలిపి ఆ హద్దులోనే ఉండాలి. మించితే తాళాల మోత, వయొలిన్ పై స్వరాల తీరు మారిపోతాయి. కాబట్టి అక్కడ చూడాల్సింది ధర కాదు, పికోఫారడ్ల అంకె. చాలా ఖరీదైన కేబుళ్ల డబ్బా మీద ఆ ఒక్క అంకే కనబడదు!

గుయ్యిమని హమ్ వస్తుంటే రెండు పరికరాలనూ ఒకే పవర్ బోర్డుకు పెట్టి చూడండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ పీకేయకండి, ప్రాణాపాయం. ఆ 18 వేలు స్పీకర్లకు దాచుకోండి.