ఎండిన గొడుగులో బీజం

పెన్నా పారే నెల్లూరు తీరభూములలో వరిగడ్డికి కొదువ లేదు. వాన వెలిసిన మర్నాడు, చివికిన గడ్డిలో బూడిదవన్నె గుడ్లవంటివి పొడచూపుతాయి. అవే వరిగడ్డి పుట్టగొడుగులు. పుట్టపై మొలిచే గొడుగు వేరు. దానిని పెంచేవి చెదలు, మనిషి సాగుకు అది లొంగలేదు. గడ్డిగొడుగు లొంగింది. 1943లో కె.ఎం. థామస్ బృందం కోయంబత్తూరులో దానిని పండించి చూపింది. నెల్లూరు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే.

పుట్టగొడుగుకు విత్తనం ఉండదు. గొడుగు అడుగున ఉన్న రేకులపై కంటికి ఆనని సిద్ధబీజాలు కోట్లకొలది ఏర్పడతాయి. 1729లో ఇటలీ శాస్త్రవేత్త మికేలి బూజు సిద్ధబీజాలను కర్బూజ ముక్కలపై చల్లి, అదే జాతి బూజును మొలిపించాడు.

ఎండిన పుట్టగొడుగుల నుండి ఈ బీజాలను సేకరించవచ్చునా? సేకరించవచ్చును, అంగడిలో కొన్నవాటితో మాత్రం ఫలితం అరుదు. వంటకై కోసేవి విప్పారని గుడ్లు, వాటిలో బీజం ముదరదు. పాదున ఒక బీరకాయను విత్తనానికి వదలినట్లే, మడిలో రెండు మూడు గొడుగులను పూర్తిగా విప్పారనివ్వాలి. రేకులు గులాబివన్నెకు తిరిగిన పిదప కోసి, కాగితంపై బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచితే బీజాల పొడి రాలి ముద్ర పడుతుంది. ఆపై గొడుగును నీడలో ఆరబెట్టాలి. పొయ్యిసెగ బీజాన్ని చంపుతుంది. తీరపు తేమగాలి మరో శత్రువు. కనుక కాగితపు పొట్లాన్ని, వేయించి చల్లార్చిన బియ్యంతో పాటు, బిగుతు మూత గల సీసాలో దాచాలి.

మొలిపించడంలో అసలు చిక్కు బూజుతోనే. ఎండిన రేకును మరిగించి చల్లార్చిన నీటిలో కలిపి, ఒక చుక్కను బంగాళాదుంప రసం, చక్కెర, అగర్‌లతో చేసి ప్రెషర్ కుక్కరులో శుద్ధిచేసిన మాధ్యమంపై వేస్తారు. తెల్లని పోగులు అల్లుకుంటే ఆశ ఉన్నట్లే. పచ్చని మచ్చ కనబడితే సీసా తెరవకుండా పారవేయవలసినదే. బీజసంతతి తల్లిని పూర్తిగా పోలదు. అందువలన జీవనోపాధికి సాగుచేసేవారు పరీక్షించిన స్పానునే కొంటారు.

అడవి గొడుగుల జోలికి పోరాదు. ప్రాణాంతకమైన అమానిటా జాతులు లేతదశలో గడ్డిగొడుగు గుడ్డువలెనే ఉంటాయి. ఆసియా నుండి అమెరికాకు వలసవెళ్ళినవారు వాటిని స్వదేశపు గడ్డిగొడుగులనుకొని తిని మరణించిన సంఘటనలున్నాయి. ఆ విషం ఎండబెట్టినా, ఉడికించినా పోదు. అమానిటా ముద్ర తెల్లన, గడ్డిగొడుగు ముద్ర గులాబి. అయితే గులాబి బీజాల విషజాతులూ ఉన్నందున ముద్ర ఒక్కటే చాలదు. నమ్మకమైన స్పానుతో పెంచిన మడిలోని గొడుగునే బీజానికి తీయాలి. తెల్లని పొడి తెల్లకాగితంపై కనబడదు కనుక, ముద్రకు సగం నలుపు, సగం తెలుపు కాగితం అతికించి వాడుతారు.