ఇంటి తిండికి చేనులో చోటు

విత్తనం మొలిచాక 20 రోజులు వాన జాడ లేకపోతే, ఒక్క పంటనే నమ్ముకున్న రైతు గతి ఏమిటి? పంటా పోతుంది, పిల్లల తిండికీ అంగడికే పోవాలి. ఇప్పుడు వానలు కురిస్తే కుండపోత, లేకుంటే వారాల తరబడి ఎండ. దీన్ని తట్టుకునే దారిని సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతపు మహిళా రైతులు చూపించారు. వారిలో ఎక్కువమంది దళిత సన్నకారు రైతులు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కింద ఏర్పడిన వారి సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది.

కలిపి విత్తితే భరోసా

వీరు ఒకే చేనులో జొన్న, కొర్ర, సామ, కంది, పెసర, అనుములు కలిపి విత్తుతారు. కొర్ర మూడు నెలల్లోపే చేతికొస్తుంది. కంది వేరు లోతుకు దిగి, వెనుక వానకు కాస్తుంది. ఒకటి పోయినా ఇంకోటి దక్కుతుంది. పప్పుజాతి పైర్లతో నేలకు నత్రజని కూడా అందుతుంది.

మీకు నీటి వసతి లేని అర ఎకరం ఉన్నా మొదలుపెట్టవచ్చు. 5 సాళ్ల కొర్రకు 1 సాలు కంది వేసుకోవాలి. కొర్ర విత్తనం ఎకరాకు 2 కిలోలు చాలు. సూర్యనంది రకం 70–75 రోజుల్లోనే కోతకొస్తుంది.

విత్తనం దాచుకోవాలి

మంచి కంకులు చేనులోనే ఎంచి, బాగా ఎండబెట్టాలి. బూడిద, వేపాకు కలిపి కుండల్లోనో గుమ్ముల్లోనో దాచాలి. సంఘంలో విత్తనం అప్పు తీసుకున్నవారు పంట వచ్చాక కొంత కలిపి తిరిగివ్వాలి. అప్పుడు అదునుకు షావుకారు గుమ్మం ఎక్కే పని ఉండదు.

పళ్లెంలో ఏముంది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. సజ్జలో ఇనుము, రాగుల్లో కాల్షియం బియ్యంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వీటికి పప్పు, ఆకుకూర, కాస్త నిమ్మరసం తోడవ్వాలి. చేనులో దానంతటదే మొలిచే తుమ్మికూర, పొన్నగంటి కూడా కూరకు పనికొస్తాయి. కలుపు మందు కొట్టిన చేనులో మాత్రం కోయవద్దు. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు తల్లులు మానాలి.

ఒక్క మాట. కొర్రలు దంచే కష్టం ఆడవాళ్ల మీదే పడితే ఈ పంట నిలవదు. నలుగురు కలిసి చిన్న మిల్లు చూసుకోవాలి. అంగడి ధరను నమ్మి చేనంతా వేయకుండా, ముందు ఇంటికి సరిపడా వేసుకోవాలి.

పట్టా పాసుపుస్తకంలో పేరు లేకపోతే బ్యాంకు లోనుకు, నష్టపరిహారానికి ఆడవాళ్లు తిప్పలు పడాల్సిందే. కాబట్టి అన్నలారా, కొంత భూమైనా ఆమె పేరున రాయించండి. దుక్కికి ముందే ఏం విత్తుదామని ఆమెను అడగండి. పొయ్యి మీద ఏం ఉడకాలో తెలిసిన మనిషికి చేనులో ఏం పండాలో కూడా తెలుసు.