దీపాల మెకానికల్ కీబోర్డు: గుణదోష విచారణ

ఒక పనిముట్టు విలువను దాని వెలను బట్టి కాక, అది మన పనికి ఎంతవరకు ఉపకరిస్తుందన్న విషయాన్ని బట్టి నిర్ణయించవలెను. నేడు కంప్యూటరు దుకాణాలలో విద్యార్థుల దృష్టిని ఆకర్షించే వస్తువులలో రంగురంగుల దీపాలతో మెరిసే మెకానికల్ గేమింగు కీబోర్డు ఒకటి. సామాన్యమైన కీబోర్డు ఐదారు వందల రూపాయలకు లభిస్తుండగా, ఇది సుమారు రెండు వేలతో మొదలై పదివేలు దాటి కూడా పలుకుతున్నది. ఇంటి నుండి వచ్చే కొద్దిపాటి డబ్బుతో చదువుకునే విద్యార్థికి గాని, పరిమితమైన నిధులతో కంప్యూటరు ప్రయోగశాలను నడిపే కళాశాలకు గాని ఈ తేడా చిన్నది కాదు. కావున దీని గుణదోషాలను నిదానంగా విచారించడం అవసరం.

నిర్మాణ భేదం

సామాన్య కీబోర్డులో మీటల కింద రబ్బరు బుడిపెలు, వాటి కింద విద్యుత్తు ప్రవహించే గీతలు ముద్రించిన పలుచని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. మీటను అడుగు వరకు నొక్కినప్పుడు బుడిపె కుంగి, పై పొర కింది పొరను తాకుతుంది. అప్పుడే అక్షరం నమోదవుతుంది. దీనిని మెంబ్రేన్ కీబోర్డు అంటారు.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకు విడిగా ఒక స్విచ్చి, అందులో ఒక స్ప్రింగు ఉంటాయి. చెర్రీ సంస్థ 1980 దశకంలో ప్రవేశపెట్టిన ఎం.ఎక్స్. స్విచ్చి నేటి అనేక రకాలకు మాతృక. దానిలో ఎర్ర రకపు మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. కాని 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం నమోదవుతుంది. ఎర్ర రకం అడ్డు లేకుండా సాఫీగా దిగుతుంది. గోధుమరంగు రకంలో నడుమ ఒక చిన్న మెట్టు వేలికి తెలుస్తుంది. నీలి రకంలో ఆ మెట్టుతో పాటు 'టిక్కు'మనే శబ్దం కూడా వినిపిస్తుంది.

ఈ పరికరం ఆటల కోసమే పుట్టినదని భావించడం పొరపాటు. 1985లో వెలువడిన ఐ.బి.ఎం. మోడల్ ఎం కీబోర్డులో కూడా ప్రతి మీట కింద స్ప్రింగు ఉండేది. అది ఆటగాళ్ళ కోసం కాక, కార్యాలయాలలో రాతపని చేసేవారి కోసం తయారైనది. గేమింగు అన్న పేరు, దీపాల అలంకారం తరువాత వచ్చి చేరినవే.

గుణాలు

మొదటి గుణం స్పర్శ. గోధుమరంగు, నీలి రకాలలో అక్షరం నమోదైనదీ లేనిదీ వేలికే తెలుస్తుంది. ప్రతి మీటనూ అడుగంటా మోదవలసిన పని లేదు.

రెండవది, అనేక మీటలను ఒకేసారి నొక్కినా పొరపాటు రాకపోవడం. చౌక కీబోర్డులలో కొన్ని మూడు మీటలను కలిపి నొక్కితే ఒకటి నమోదు కాకపోవచ్చు. మంచి మెకానికల్ కీబోర్డులో ప్రతి స్విచ్చికీ ఒక డయోడు ఉండడం వలన ఈ చిక్కు తొలగిపోతుంది. ఆటలో పరుగెత్తుతూ, పక్కకు తిరుగుతూ, దూకవలసిన ఆటగాడికి ఇది ప్రాణావసరం. టైపు చేసేవారికి ఇంతటి శక్తితో సాధారణంగా పనిపడదు.

మూడవది మరమ్మతు. మెంబ్రేన్ కీబోర్డులో ఒక మీట కింది పొర చెడితే సాధారణంగా మొత్తం పారవేయవలసి వస్తుంది. మెకానికల్ కీబోర్డులో చెడిన స్విచ్చిని మాత్రమే మార్చవచ్చు. కొన్నింటిలో టంకం కూడా అవసరం లేకుండా చిన్న పట్టుకారుతో ఊడదీసి మరొకటి అమర్చవచ్చు.

నాల్గవది మన్నిక. తయారీదారులు సాధారణంగా మెంబ్రేన్ మీటకు 50 లక్షల నుండి కోటి నొక్కుల వరకు, మెకానికల్ స్విచ్చికి 5 కోట్లు, అంతకు పైన ఆయుర్దాయం చెబుతారు. ఈ అంకెలను చూసి మురిసిపోక లెక్క వేసి చూడవలెను. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గుమాస్తా ఉద్యోగాల టైపింగు పరీక్షలో ఆంగ్లంలో కోరే వేగం నిమిషానికి 35 పదాలు, అనగా గంటకు 10,500 నొక్కులు. ఒక విద్యార్థి ఈ వేగంతో రోజూ రెండు గంటలు సాధన చేస్తే 21,000 నొక్కులవుతాయి. అందులో ఆరింట ఒక వంతు, అనగా 3,500, స్పేసు మీట మీదనే పడతాయనుకుందాం. 50 లక్షల ఆయువు గల చౌక మీట కూడా 1,428 రోజులు, అనగా దాదాపు నాలుగేళ్ళు నిలుస్తుంది. మూడేళ్ళ డిగ్రీ చదువుకు అది చాలును.

ప్రయోగశాల లెక్క వేరు. అక్కడ ఒక్కొక్క కీబోర్డు మీద రోజుకు నాలుగు గంటల పని జరిగి, ఏడాదికి 220 పనిదినాలు ఉంటాయనుకుంటే, అదే చౌక మీట మూడేళ్ళకు కొంచెం పైన నిలుస్తుంది. మెకానికల్ స్విచ్చి 32 ఏళ్ళు నిలవవలెను. అంతకాలం కంప్యూటరే నిలవదు. 600 రూపాయల కీబోర్డులు ఐదు కొనే సొమ్ముతో 3,000 రూపాయల మెకానికల్ కీబోర్డు ఒకటి వస్తుంది. ఆ ఐదూ ఒకదాని తరువాత ఒకటి వాడితే 16 ఏళ్ళు గడుస్తాయి. కావున మన్నిక ఒక్కటే కారణంగా ఎక్కువ ధర పెట్టడం సమర్థనీయం కాదు. స్పర్శ, మరమ్మతు అను రెండు గుణాలను కూడా కలిపి చూచినప్పుడే అది న్యాయమనిపిస్తుంది.

దోషాలు

ధర సంగతి చెప్పుకున్నాం. తరువాతి దోషం శబ్దం. నీలి రకపు కీబోర్డులు నలభై ఒకేసారి మోగే గదిలో అధ్యాపకుని మాట వినపడదు. వసతిగృహంలో దీపం ఆర్పి, మీటల వెలుగులో రాసుకుంటే తోటివారి నిద్రకు భంగం కలగదని కొందరంటారు. వెలుగు నిద్ర చెరపకపోయినా చప్పుడు చెరుపుతుంది. మరొక దోషం ఎత్తు. ఈ కీబోర్డులు సాధారణంగా మందంగా ఉంటాయి. మణికట్టును పైకి విరిచి ఎక్కువసేపు టైపు చేస్తే నొప్పి కలుగవచ్చు. బల్ల, కుర్చీల ఎత్తు సరిచూసుకొనవలెను.

దీపాల వలన విద్యుత్తు ఖర్చు పెరుగుతుందన్న ఆక్షేపణ మాత్రం నిలువదు. యు.ఎస్.బి. 2.0 ప్రమాణం ప్రకారం ఒక పరికరం గ్రహించదగిన శక్తి గరిష్ఠంగా 2.5 వాట్లు. అంతా వాడినా, రోజుకు నాలుగు గంటల చొప్పున ఒక యూనిట్ కావడానికి నూరు రోజులు పడుతుంది. బ్యాటరీతో నడిచే ల్యాప్‌టాప్‌కు మాత్రం అది లెక్కింపదగిన భారమే.

వెలుగు ఎవరి కోసం?

ఇక అసలు ప్రశ్న. మీట మీద అక్షరాన్ని పారదర్శకంగా మలచి, కింద దీపం పెడతారు. మన దుకాణాలలో దొరికే కీబోర్డులలో అలా వెలిగేవి సాధారణంగా ఆంగ్లాక్షరాలే. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఆమోదించిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో 'అక్క' అని రాయడానికి షిఫ్టుతో డి, తరువాత కె, డి, కె నొక్కవలెను. ఇక్కడ రెండవ డి పొల్లును సూచిస్తుంది. వెలిగే అక్షరాలు చూచి తెలుగు విద్యార్థి ఈ క్రమాన్ని ఎన్నటికీ గ్రహించలేడు. ఉర్దూ విద్యార్థి స్థితి కూడా ఇంతే. అతని లిపి కుడి నుండి ఎడమకు సాగుతుంటే, వేళ్ళ కింద వెలిగేది పరభాషా లిపి. మన అక్షరాల చీటీలు అంటిస్తే అవి దీపాన్నే కప్పివేస్తాయి. ఆంగ్లాక్షరాల ధ్వనిని అనుసరించి తెలుగు, ఉర్దూ రాసేవారికి మాత్రం ఈ వెలుగు కొంత సహాయం.

అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. టైపింగు విద్యకు మూలసూత్రం మీటలను చూడకపోవడం. ఎఫ్, జె మీటల మీద చిన్న గీత ఉబికి ఉండడానికి కారణం ఇదే. చూపుడు వేళ్ళు ఆ గీతలను తాకి తమ స్థానాన్ని తెలుసుకుంటాయి, కళ్ళు తెర మీదనే నిలుస్తాయి. మీటలు ఎంత ఆకర్షణీయంగా వెలిగితే చూపు అంతగా కిందికి జారుతుంది. పరీక్షా కేంద్రంలో మనకు అలవాటైన దీపాల కీబోర్డు దొరుకుతుందన్న హామీ కూడా లేదు.

నిర్ణయం

ఆటను పోటీగా సాధన చేసేవారికి ఈ కీబోర్డు తగినదే. ఉద్యోగపరీక్షకు సిద్ధమయ్యే సామాన్య విద్యార్థి దాని కోసం అప్పు చేయనక్కరలేదు. మంచి మెంబ్రేన్ కీబోర్డు, నియమం తప్పని సాధన అతనికి చాలును. రోజుకు అనేక గంటలు రాతపని చేసేవారు కొనదలిస్తే గోధుమరంగు రకపు స్విచ్చి గలదానిని, దీపాలు లేనిదానిని ఎంచుకొనుట మేలు. కళాశాల కమిటీవారు ప్రయోగశాలకు కొత్త కీబోర్డులు తెప్పించునప్పుడు స్విచ్చిలు మార్చుకొనదగిన సాదా మెకానికల్ కీబోర్డులను కొన్నింటిని తెప్పించి పరీక్షించవచ్చు. మిగిలిన సొమ్ముతో ప్రతి బల్ల దగ్గర తెలుగు, ఉర్దూ మీటల పటాన్ని పెద్ద అక్షరాలతో ముద్రించి గోడకు తగిలిస్తే, మన రెండు భాషల విద్యార్థులకూ ఆ దీపాల కంటె ఎక్కువ ఉపకారం కలుగుతుంది.